ఏది మనింటి దుమ్ము

మళ్ళీ ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నారూ? కింద పెట్టండి. బల్ల మీద కాదు, అసలీ గదిలోనే వద్దు, బయట పడేసి రండి. కంప్యూటరు తెర మీద దుమ్ముందా? ఉండనివ్వండి! ఈ ఇంట్లో ఇంకా ఎక్కడైనా చిటికెడు దుమ్ము మిగిలిందంటే అది నా అదృష్టం.

రండి, కూర్చోండి. ఆ స్టూలు మీద. "నేనేం చేశాననీ" అన్నట్టు ఆ మొహం ఒకటి. పొద్దుట్నించీ అదే మొహం. శుభ్రం చేస్తే తిట్టే ఆడదాన్ని ఎక్కడా చూళ్ళేదని అమ్మాయికి ఫోన్లో చెప్పారటగా? చెప్పింది లెండి, దాని నోట్లో నువ్వుగింజ నానదు. "నాన్న తెలీక చేశారమ్మా, పోనీలే" అంటుంది. పోనీలే అనడానికి దాని సొమ్మేం పోయింది? రెండు శీతాకాలాలు డాబా మీద మంచులో కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నది అది కాదుగా.

తెలీక చేశారు. నా ఖర్మ కూడా అదేనండీ. తెలిసి చేసుంటే నోరారా తిట్టి ఊరుకునేదాన్ని.

సరే, ఇటు చూడండి. దగ్గరికి రండి. అయ్యో, వేలు పెట్టకండి, కళ్ళతో చూడండి! ఏం కనిపిస్తోంది? ఎర్ర పువ్వు. ఊఁ. బావుందా? బావుంటుంది మరి. మధ్యలో గుండ్రంగా ఖాళీ, చుట్టూ రేకులు. ఆకాశంలో ఆర్ద్ర నక్షత్రం ఉందే, దానికి కాస్త ఎడమ పక్కన ఉంటుంది ఈ పువ్వు. ఉత్త కంటికి ఆనదు. టెలిస్కోపుకి కన్ను ఆనించి రాత్రంతా చూసినా ఆనదు. రాత్రుల తరబడి కెమెరాతో తీసిన ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తేనే ఇలా కనపడుతుంది. అంతా హైడ్రోజన్ వాయువు. ఆ మధ్య ఖాళీలో ఉన్నవి పిల్ల నక్షత్రాలు. మొన్న మొన్న పుట్టినవి. వాటి ధాటికి చుట్టూ ఉన్న వాయువు ఇదిగో, ఇలా ఎర్రగా వెలుగుతుంది. 

ఆ ఎరుపు ఎంత సన్నటిదో తెలుసా? మన వీధి దీపాలూ, ఎదురింటి వరండా దీపమూ దాన్ని ఒక్క గుక్కలో మింగేస్తాయి. అందుకని కెమెరా ముందు ఒక గాజుబిళ్ళ పెడతాం. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. ఆ ఒక్క ఎరుపునీ లోపలికి రానిచ్చి తక్కిన వెలుగునంతా గుమ్మంలోనే ఆపేస్తుంది. 

తమరు తుడిచింది దాన్నే.

ఆగండి, నన్ను చెప్పనివ్వండి. మెత్తటి గుడ్డతోనే తుడిచారని నాకూ తెలుసు. కెమెరా ఊడదీసి, కళ్ళజోడు తుడుచుకునే గుడ్డతో, నోటితో ఆవిరి ఊది మరీ తుడిచి, మళ్ళీ బిగించారు. గీత కూడా పడలేదు. గీత పడితేనే నయం, ఎవరికి చూపించినా "అయ్యో పాపం" అనేవారు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? మా ఆయన నా గాజుబిళ్ళని అద్దంలా తుడిచిపెట్టాడు చూడండీ అని చెప్పుకోనా? నవ్విపోరూ?

ఇదిగో ఈ మచ్చలు చూడండి. ఇక్కడొకటి, ఈ మూలొకటి. తడి గ్లాసు బల్ల మీద పెట్టి తీస్తే పడే చక్రాల్లా. ఇవి దుమ్ము నీడలు. గాజు మీద నలుసు పడిందనుకోండి, పువ్వు మీద దాని నీడ పడుతుంది. "చూశావా, అందుకే తుడిచాను" అనకండి! అనబోయారు. నాకు తెలుసు.

దుమ్ము ఉంటుందండీ. ఎవరి కెమెరాలోనైనా ఉంటుంది. దానికో ఉపాయం ఉంది. అంతా అయ్యాక, ఆ దుమ్ము అలా ఉండగానే, దాన్ని కదపకుండా, టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ బిగించి తెల్లారేటప్పుడు ఆకాశానికి గురిపెట్టి కొన్ని ఫొటోలు తియ్యాలి. ఆ ఫొటోల్లో ఏముంటుంది? ఏమీ ఉండదు. తెలుపూ, దాని మీద మన దుమ్మూ. దుమ్ముకి ఫొటో తీసుకోవడం అన్నమాట. అప్పుడు కంప్యూటరుకి ఆ దుమ్ము ఫొటో చూపించి, "ఇదిగో, వీళ్ళు మా ఇంటివాళ్ళు, వీళ్ళని తీసెయ్" అంటే పువ్వు మీంచి తీసేస్తుంది. దొంగ మొహం తెలిస్తే గుంపులోంచి లాగొచ్చు. తెలీకపోతే ఎవర్ని లాగుతాం?

ఇప్పుడు నేను తెల్లగుడ్డ కట్టి ఫొటో తీస్తే ఏమొస్తుందో తెలుసా? మల్లెపువ్వు. మచ్చన్నదే లేదు. తీశాను కూడా. వచ్చిన తెల్లారే పైకెళ్ళి తీసి, కంప్యూటర్లో చూసి, ఇదేమిటి ఇంత తెల్లగా ఉందని ఒక్క క్షణం మురిసిపోయాను కూడా. ఆ తరవాత కిందికొచ్చి మిమ్మల్ని అడిగాను, ఏం ముట్టుకున్నారని.

ముందే తీసిపెట్టుకోవాల్సింది అంటారా? భలే. గుండెల మీద కొట్టారు. అవునండీ, తీసుకోవాల్సింది! రోజూ తెల్లారేసరికి వేళ్ళు కొంకర్లు పోయేవి, మళ్ళీ పనికి వెళ్ళాలి. కెమెరా ఎలాగూ టెలిస్కోపు నుంచి ఊడదీయను, పైన కవరు కప్పి అక్కడే వదిలేస్తాను. ఎక్కడి దుమ్ము అక్కడే ఉంటుంది, చివర్లో ఒక్కసారి తీస్తే చాలు అనుకున్నాను. మా నక్షత్రాల సంఘంలో సగం మంది అలాగే చేస్తారు. ఈలోగా చెల్లెలి మోకాలి ఆపరేషన్ వచ్చిపడింది. నాలుగు రోజులు దానికి సాయం వెళ్ళాను. దుమ్ము ఎక్కడికి పోతుందిలే అనుకున్నానండీ. ఈ ఇంట్లో దుమ్ముకి కాళ్ళొస్తాయని కలగన్నానా?

మీ తప్పేం లేదు. మీరు సర్వీసంతా రైలు గార్డు. చివరి పెట్టె దీపం అద్దం తళతళలాడందే పచ్చజెండా ఊపని మనిషి. అద్దం మీద మసి పేరుకుంటే వెనకొచ్చే బండికి దీపం ఆనదు, ప్రాణాలు పోతాయి అని పెళ్ళైన కొత్తలో నాకు ఎంత వివరంగా చెప్పారో! అప్పుడు ముచ్చటేసింది నాకు. ఎంత బాధ్యత గల మనిషి దొరికాడూ అనుకున్నాను. ఇప్పుడా బాధ్యతంతా వచ్చి నా నెత్తిన కూర్చుంది.

రిటైరయ్యాక ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, ఊరికే ఉన్నారా మీరు? వంటింట్లో డబ్బాలకి చీటీలు అంటించారు. ఉప్పు డబ్బా మీద "ఉప్పు". ఇన్నేళ్ళూ నేను దాంట్లోంచి పంచదార వేశానా ఏమిటి? ఊరుకున్నాను. గొడుగుల్ని పొడుగు వరసన నిలబెట్టారు. ఊరుకున్నాను. డాబా తలుపు కిర్రుమంటోందని బందులకి నూనె పోశారు. అది కిర్రుమనాలండీ! ఎవరైనా పైకొస్తే నాకు తెలిసేది ఆ చప్పుడుతోనే. నూనె పోసిన మర్నాడు ఏమైంది? పిల్లిలా వచ్చి నా వెనక నిలబడి, మెట్లు చీకటిగా ఉన్నాయని టార్చి వేసుకుని, "కాఫీ" అన్నారు. నేను ఎగిరిపడి కాలు తగిలిస్తే టెలిస్కోపు పువ్వుని వదిలేసి ఎక్కడికో పోయింది. మీ టార్చి వెలుగంతా కెమెరాలోకి పోయింది. అయినా ఏమన్నాను? కాఫీ బావుందన్నాను. చల్లారిపోయింది అది.

నవ్వకండి. నాకేం నవ్వు రావట్లేదు.

లెక్కల మేష్టారు ఫోన్ చేశారు. అదే, మా నక్షత్రాల సంఘం పెద్ద. లైబ్రరీలో మెట్లెక్కగానే ఎదురుగా ఉండే గోడకి సంఘం తరఫున ఒక పెద్ద ఫొటో పెడుతున్నారని చెప్పాగా? ఈ పువ్వునే పెడదామని అందరూ ఒప్పుకున్నారు. నిలువెత్తు ఫొటో. కింద నా పేరు. రేపు అచ్చుకి ఇవ్వాలి. మళ్ళీ తీద్దామంటే పువ్వేదీ? చీకటి పడేసరికే పడమటికి వాలిపోతోంది. ఇంక శీతాకాలం దాకా దాని మొహం కనపడదు. ఆ సంగతి మేష్టారికి మాత్రం తెలీదూ? విషయం చెబితే ఏమన్నారో తెలుసా? "దానికేముందమ్మా, ఆ మచ్చల మీద చేత్తో రంగు అద్దెయ్యండి. పక్కనున్న ఎరుపు తీసి అక్కడ పూసేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

చూశారా, మీరూ తలూపుతున్నారు. నిజమే కదా, అద్దెయ్యొచ్చు కదా అని.

ఒక్క పూట పని నాకది. నా బతుకే ఆ పని. రోజంతా ల్యాబులో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి కట్టుడు పళ్ళు చేస్తాను. తెల్లగా మెరిసిపోతే దొంగపన్ను అని చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుందని, పంటి మొదట్లో కాస్త పసుపు అద్దుతాను, అంచుకి సన్నటి పగులు గీస్తాను, సిగరెట్లు తాగేవాళ్ళకి గారమచ్చ కూడా వేస్తాను. పళ్ళ డాక్టరే పోల్చుకోలేడు. అబద్ధాన్ని నిజంలా అద్దడంలో నన్ను మించినవాళ్ళు లేరండీ ఈ ఊళ్ళో. దాంతోనే సగం ఇల్లు గడిచింది. అందుకే ఈ ఒక్కదానిమీద అద్దబుద్ధి కాలేదు.

అది సరే, ఇంకో చిక్కుంది. ఇలా దగ్గరికి లాగుతాను చూడండి. ఇదిగో, ఈ రేకు మీద నల్లటి చుక్కలున్నాయా? చిన్నచిన్నవి, ఆవగింజల్లా. ఇవీ మచ్చలే అనుకుంటున్నారా? కొన్ని కావు. ఈ పువ్వులో నిజంగానే నల్లటి చుక్కలుంటాయి. అవి కూడా దుమ్మే, కాకపోతే అక్కడి దుమ్ము. దుమ్మూ వాయువూ ముద్దగట్టి, ఇంకా ఇంకా కుంచించుకుపోతే అందులోంచి నక్షత్రం పుడుతుంది. కొన్ని పుట్టకుండా చెదిరిపోతాయి కూడా. పెద్ద చక్రాలైతే మనింటివని నాకు తెలుసు. ఈ ఆవగింజల్లో ఏది మనింటి దుమ్ము, ఏది కాదు? ఎలా చెప్పను? చెప్పగలిగిన సాక్షిని మీరు కళ్ళజోడు గుడ్డతో తుడిచేశారు.

నేను కుంచె పట్టుకుని మనింటి మచ్చ అనుకుని రంగు అద్దానే అనుకోండి. అక్కడ నిజంగా ఆ దుమ్ము కడుపులో ఒక నక్షత్రం ఉంటే? రేపు గోడ మీద నిలువెత్తు ఫొటో ముందు ఎవరి పిల్లో నిలబడి చూస్తుంటే, ఆ పిల్లకి నేను అబద్ధం చెప్పినట్టు కాదూ? ఎవరికీ తెలీదు, నిజమే. నాకు తెలుస్తుందిగా.

ఇవ్వనని చెప్పేశానండీ. ఇందాకే. మీరు కూరలకి వెళ్ళినప్పుడు ఫోన్ చేసి, మేష్టారూ, నా ఫొటో రావట్లేదు, వేరే ఎవరిదైనా చూసుకోండి అన్నాను. ఎందుకమ్మా అన్నారు. నా పొరపాటే అన్నాను. మీ పేరు ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుంది? "గార్డు గారు తుడిచేశారట" అని నెలనెలా మీటింగుకి నవ్వుకోడానికి ఒకటి దొరుకుతుంది వాళ్ళకి. మిమ్మల్ని చూసి ఎవరో నవ్వితే నాకు బావుంటుందా?

దీని బదులు బ్యాంకు మేనేజరు గారి చందమామని పెడతారట. చందమామ! ఫోను పైకెత్తితే వస్తుంది చందమామ. రెండు శీతాకాలాలు. బూడిదలో పోసిన పన్నీరు.

అబ్బ, ఆ క్షమాపణలు ఇంక ఆపండి. ఎన్నిసార్లు చెబుతారు? మీరు చెప్పినకొద్దీ నాకు ఒళ్ళు మండుతుంది, తరవాత నన్ను చూసి నాకే సిగ్గేస్తుంది.

ఏమన్నారు?

మళ్ళీ చెప్పండి.

వచ్చే శీతాకాలం మనిద్దరం కలిసి తీద్దామంటారా?

చూడండీ. ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి మొత్తం చెప్పేస్తాను. మధ్యలో లేవకండి. చెల్లెలి దగ్గర్నుంచి వచ్చీరాగానే సంచి గుమ్మంలో పడేసి పైకెళ్ళాను కదా? కెమెరా చూడ్డానికి వెళ్ళాను అనుకున్నారు మీరు. కెమెరా దాకా పోలేదు నేను. తలుపు తియ్యగానే కనపడింది, నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ. ముందుగదిలోది. దాని మీద దిండు, ఒక దుప్పటి మడతపెట్టి. నా కుర్చీ చేతికి దాని చెయ్యి ఆనించి ఉంది.

ఆగిపోయానండీ. అక్కడే, గుమ్మంలోనే. ఇంకా మీరేం తుడిచారో నాకు తెలీదు. తెల్లారాక, దుమ్ము సంగతి బయటపడ్డాక ఏమైందో చెప్పనా? ఏడుపొచ్చింది, అది నిజం. దాని వెనకే హమ్మయ్య అనిపించింది. అరవడానికి ఒక కారణం దొరికింది కదా అని. కుర్చీ వేసినందుకు ఏ మొగుణ్ణి ఏ పెళ్ళాం తిడుతుంది? దుమ్ము తుడిచినందుకైతే తిట్టొచ్చు. పొద్దుట్నించీ నేను దుమ్ము దుమ్ము అని అరుస్తున్నది ఆ కుర్చీ గురించేనండీ.

నాకు మీరు అక్కడికి రావడం ఇష్టం లేదు.

చెప్పేశాను. ఇప్పుడు నోట్లోకి వెనక్కి పోదు.

అలా చూడకండి. మీరంటే ఇష్టం లేక కాదు. మీరు రాత్రి బండి ఎక్కి వెళ్ళిపోయేవారు, అమ్మాయి పడుకునేది, నేను పైకెళ్ళేదాన్ని. మొదట్లో భయానికే వెళ్ళాను, కింద ఒక్కదాన్నీ నిద్రపట్టక. తరవాత అదే నాకు ఊపిరైంది. పగలంతా ఎవరివో నోళ్ళు. ఇంటికొస్తే అమ్మా, ఏమేవ్, అక్కా. అక్కడ మాత్రం ఎవరూ నన్ను పిలవరు. ఆ పువ్వుకి నేనున్నానని కూడా తెలీదు. నేను ఎవరికీ ఏమీ కాని చోటు ఒక్కటుంది నాకు, అది ఆ డాబా. అక్కడ మీరు పక్కన కూర్చుంటే, ఏమీ మాట్లాడకపోయినా సరే, చలేస్తోందేమో, ఆకలేస్తోందేమో, విసుగొస్తోందేమో అని నా సగం చెవి మీ మీదే ఉంటుంది. నాకా జబ్బు పోదు. పెళ్ళైనప్పట్నుంచీ ఉంది.

మీకు తెలీదా ఆ హాయి? సర్వీసంతా రైలు చివరి పెట్టెలో ఒక్కరే కూర్చుని ప్రయాణం చేశారు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని వెన్నెలలు! ఇంటికొచ్చి వాటిల్లో సగం కూడా చెప్పేవారు కాదు. నేను అడిగానా? మీకు ఆ హాయిని జీతమిచ్చి మరీ ఇచ్చారు. మీ పెట్టెలోకి నేనెప్పుడైనా దిండు పట్టుకుని వచ్చి కూర్చున్నానా?

ఎక్కడికైనా రండి. పొద్దున నడకకి రండి, సినిమాకి రండి, బజారుకి రండి, చెల్లెలింటికి రండి. నేను తీసిన ఫొటోలన్నీ ఒక్కొక్కటే కూర్చోబెట్టి చూపిస్తాను. డాబా మీదకి మాత్రం వద్దు.

మరి రాత్రిళ్ళు మీరేం చెయ్యాలి అంటే, ఏమో. నాకు తెలీదండీ. ఇన్నేళ్ళూ రాత్రంతా మేలుకున్న మనిషి, ఇప్పుడు నిద్రపట్టక ఇల్లంతా తిరుగుతున్నారని నాకు తెలుసు. ఎవరూ లేని ఇంట్లో కూర్చోలేక పైకొస్తున్నారనీ తెలుసు. తెలిసే అంటున్నాను. రాతిగుండె అనుకోండి. అనుకుంటే అనుకోండి.

ఎక్కడికి లేచారు? కుర్చీ దింపడానికా? ఆగండి. దాన్ని పైకెక్కించినప్పుడే మీ నడుం పట్టేసింది, రాత్రి నాకు కనపడకుండా బాత్రూంలో మందు రాసుకున్నారు, వాసన రాదనుకున్నారా? ఆ మెట్లమీద ఆ బరువుతో మీరు దిగలేరు. కూర్చోండి. నేనే దింపుతాను.

సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే దింపుతాను.

కాస్త దారివ్వండి.